నలభై మూడో భాగం

ఈ మధ్య ఒంగోలులో, ఫోన్లలో నవలలు రాస్తున్న కొత్తవాళ్ళ కోసం ఒక పూట శిక్షణ పెట్టారు. నన్ను పిలిచి, కొత్తవాళ్ళు మామూలుగా చేసే తప్పుల గురించి గంటసేపు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, తప్పులకు కరువా? కాగితం తీసుకుని కూర్చున్నాను. పాత్ర మొదట్లో ఒకలా, తర్వాత మరోలా ఉండటం. పేదవాడు కారణం లేకుండా కోటీశ్వరుడైపోవడం. చనిపోయినవాళ్ళు లేచి రావడం. అందరూ ఒకే గొంతుతో మాట్లాడటం. ఎక్కడ ఆపాలో తెలియక కథను సాగదీయడం. ఐదు రాసి ఆగిపోయాను. ఐదూ ఒక్క మనిషి రాతలోంచి వచ్చినవే.

ఆ కాగితం అలాగే వదిలేసి, ఒంట్లో బాగాలేదు, రాలేనని నిర్వాహకులకు ఫోన్ చేశాను.

ఆ మనిషి పేరు రాయను. రాస్తే ఆమె కూతురి పేరూ బయటికొస్తుంది. ఆ పిల్ల పేరు ఎక్కడెక్కడ ఉండేదో అక్కడంతా చెరిగిపోవడానికి కారణం నేనే. మళ్ళీ నా చేత్తో రాసే హక్కు నాకుందనుకోను. ఆమెను చివరిసారి చూసి నాలుగేళ్ళవుతోంది. నాకు బదిలీ అయింది. ఒకసారి ఆ ఊరు వెళ్ళి అడిగితే, ఇంటికి తాళం వేసి గుంటూరు పక్కన కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయిందన్నారు. ఏ కోల్డ్ స్టోరేజో ఎవరికీ తెలియదు.

అప్పట్లో నేను దర్శిలో ఉంటూ, అరగంట దూరంలో ఉన్న పల్లెటూరి హైస్కూలుకు బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఆ అరగంటా ఫోన్‌లో, కథల యాప్‌లో సీరియళ్ళు చదవడం అలవాటైంది. నిజం చెప్పాలంటే కథ కోసం చదివేదాన్ని కాదు. తప్పు కనపడగానే కింద కామెంటు పెట్టడంలో నాకొక సుఖం ఉండేది. ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ రాస్తే ఊరుకునేదాన్ని కాదు. పేరు పక్కన తెలుగు ఉపాధ్యాయిని అనీ, బడి ఉన్న ఊరి పేరూ పెట్టుకున్నాను. ఎవరు దిద్దుతున్నారో వాళ్ళకు తెలియాలి కదా అని నా గర్వం.

వాటిలో ఒక సీరియల్ మాత్రం కాస్త శ్రద్ధగా చదివేదాన్ని. పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒక అమ్మాయి కథ అది. ఆ అమ్మాయికి ఒక కాలు కొంచెం పొట్టి, కుంటుతూ నడుస్తుంది. మిల్లుకు పత్తి తెచ్చే లారీ డ్రైవరుకు మాట తడబడుతుంది. వీళ్ళిద్దరూ సరిగ్గా పలకరించుకోవడానికే ఇరవై భాగాలు పట్టింది. అమ్మాయికి తండ్రి లేడు, మూడో భాగంలోనే పోయాడు. తల్లి ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి కూతుర్ని తిడుతూనే ఉంటుంది. రాసేది ఎవరో డిగ్రీ చదివే పిల్ల అని రాతను బట్టే తెలిసిపోయేది. అక్షరదోషాలు బోలెడు. అయినా మిల్లులో దూది ఎగిరి రెప్పల మీద వాలడం, డ్రైవరు ఒక్క మాట కోసం స్టీరింగు గట్టిగా పట్టుకోవడం, ఇవన్నీ చూసి రాసినట్టుండేవి. పాఠకులంతా ఆ పిల్లని అక్కా అని పిలిచేవాళ్ళు.

నలభై రెండో భాగం తర్వాత రెండు నెలలు ఏమీ రాలేదు. “అక్కా, నలభై మూడెప్పుడు?” “పరీక్షలా అక్కా?” “మమ్మల్ని మర్చిపోయావా?” అని కామెంట్లు పేరుకుపోయాయి.

రెండు నెలల తర్వాత నలభై మూడు వచ్చింది. బస్సులో కూర్చుని చదువుతూ నోరు తెరిచాను. అమ్మాయి కుంటితనం పోయింది. ఎలా పోయిందో ఒక్క ముక్క లేదు. డ్రైవరు గడగడా మాట్లాడుతున్నాడు, పైగా ఆ మిల్లు ఇప్పుడు అతనిదే. మూడో భాగంలో పోయిన తండ్రి పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. చుక్కలు లేవు, కామాలు లేవు. మాటలన్నీ చర్చిలో బైబిలు చదివే పద్ధతిలో ఉన్నాయి. “నేను లారీ దిగి నీ యొద్దకు వచ్చియున్నాను” అంటాడు డ్రైవరు. ఆ అమ్మాయి సిగ్గుపడి అతని చెయ్యి పట్టుకున్న చోట, వాక్యం మధ్యలో, “హుష్ ఈ కోడి ఒకటి చేట కాడ్నించి పోదు” అని ఉంది.

నేను నవ్వాను. పక్క సీటులో ఉన్న లెక్కల మాస్టారికి కూడా చదివి వినిపించాను. తర్వాత కామెంటు రాశాను. మొదటి వాక్యం నాకింకా గుర్తుంది. “నలభై రెండో భాగం దాకా రాసిందీ, ఇది రాసిందీ ఒకరేనా?” దాని కింద తప్పుల పట్టిక. చివర, “చక్కటి కథను చంపుతున్నారు. చేతకాకపోతే ఆపేయండి.” దానికి చాలామంది లైకులు కొట్టారు. నలభై నాలుగు, నలభై ఐదు వచ్చాయి. అవీ అంతే. నేను అడిగినదే మిగతావాళ్ళూ అడగడం మొదలుపెట్టారు.

ఒక బుధవారం మధ్యాహ్నం, భోజనాల బెల్లు కొట్టాక, స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. నలభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, చేతిలో అప్పుడే తల మీంచి విప్పిన తువ్వాలు. మిరపకోత నుంచి సరాసరి వచ్చినట్టుంది, ఆమె లోపలికి అడుగుపెట్టగానే లెక్కల మాస్టారు దగ్గడం మొదలుపెట్టారు.

“తప్పులు చెప్పే టీచరమ్మ ఎవరండీ?”

అందరూ నావైపు చూశారు. ఆమె వచ్చి ఫోను నా ముందు పెట్టింది. తెర మీద నా కామెంటు.

“ఇది మీరు రాసిందేనా అమ్మా?”

తగాదాకి వచ్చిందనుకున్నాను. గొంతు సవరించుకుని, “అవునమ్మా. తప్పులున్నాయి, చెప్పాను” అన్నాను.

“మంచిదమ్మా. ఎట్టా రాయాల్నో కూడా చెప్పండి.”

“మీరు రాస్తున్నారా ఇది?”

“నలభై మూడు కాడ్నించి నేనే. అంతకుముందువి నా బిడ్డవి.”

“మరి మీ అమ్మాయి?”

“లేదమ్మా.”

పని మీద ఊరెళ్ళినవాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పింది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎప్పుడు పోయిందని అడగబోయి ఆగాను. ఆమే అంది, “ఆళ్ళు రోజూ పిలుస్తుండారమ్మా. అక్కా, అక్కా అని. పిలిచేవోళ్ళకి పలకాల గదా.”

ఆ ఆదివారం నుంచి, చర్చిలో ఆరాధన అయ్యాక బస్సెక్కి దర్శిలో మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఎనిమిది ఆదివారాలు వచ్చింది. ఆమె నాకు తెలిసింది ఆ ఎనిమిది మధ్యాహ్నాలే.

కుర్చీ వేస్తే అంచున కూర్చునేది. వచ్చాక చేతులు కడుక్కునేది, మళ్ళీ కడుక్కునేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఇంకోసారి కడుక్కునేది. అయినా మిరప మంట పోయేది కాదు. కొబ్బరినూనె రాసుకుని, నూనె చేతులతో ఫోను పాడవుతుందని రెండు అరచేతుల అంచుల మధ్య ఇరికించి పట్టుకునేది. మొద్దుబారిన వేళ్ళకు తెర పలికేది కాదు, అందుకని చిటికెన వేలి కణుపుతో నొక్కేది. ఐదో తరగతి దాకా చదివింది. చదవడం బాగా వచ్చు, బైబిలంతా చదివింది. టైపు చెయ్యడం రాదు. కూతురు ఒకసారి సరదాగా నేర్పిందట, మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని. మైకు బొమ్మ నొక్కి, ముందుగా మెల్లగా “ఇనమ్మా” అనేది. ఆ ‘ఇనమ్మా’ కూడా కథలో పడేది.

వాక్యం అయిపోగానే చుక్క పెట్టాలని చెప్పాను. ఆమె ప్రతి వాక్యం చివరా “చుక్క” అని గట్టిగా పలికింది. ఫోను అలాగే రాసింది. ఆ భాగం చదివినవాళ్ళు చుక్క అంటే కొత్త హీరోయిన్ అనుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వింది. ఒక్క క్షణమే. నవ్వు మొహం మీదికి వచ్చేసిందని తెలియగానే, ఎవరి సొత్తో తీసినట్టు కంగారుపడి తుడిచేసుకుంది.

నేను చెప్పిన తప్పులన్నీ ఒప్పుకునేది. ఒక్కటీ దిద్దేది కాదు.

“ఆ అమ్మాయి కుంటితనం ఎందుకు తీసేశారు? మీ అమ్మాయి కథంతా దాని మీదే నడిపింది కదా.”

“నలభై రెండు భాగాలు కుంటింది గదమ్మా. ఇంకెన్నాళ్ళు?”

“చనిపోయిన తండ్రి ఎలా వచ్చాడు? పాఠకుడు నమ్మడు.”

“నమ్మకపోతే పోనీండి. మడిసి వచ్చాడు, అన్నం తింటుండాడు. ఎట్టా వచ్చావని అడుగుతామా?”

“కథంటే ఏదో ఒక కష్టం ఉండాలమ్మా. కష్టం లేకపోతే కథ ముందుకు నడవదు.”

ఆమె నావైపు వింతగా చూసింది. “కష్టం లేకపోతే నడవదా?” అని మెల్లగా తనలో తనే అనుకుంది.

మూడో ఆదివారం కార్ల సంగతి వచ్చింది. ఆమె రాసిన భాగాల్లో అందరికీ కార్లుంటాయి. మిల్లు కూలీలు కారులో పనికి వస్తారు. కారు లేనిచోట ఎంత దూరమైనా నడిచే పోతారు. నాకు విసుగొచ్చింది.

“దర్శి నుంచి అద్దంకి నడిచి వెళ్ళారని రాశారు. ఎవరైనా వెళ్తారా? మన ఊళ్ళల్లో కూలీలు దేనిమీద వెళ్తారు? ఆటోలో కదా. ఆటో అని రాయండి, సరిపోతుంది.”

“రాయను.”

“ఎందుకని?”

“ఆటో ఎక్కనీనమ్మా ఆ పిల్లని.”

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది. సెలవుల్లో కూతురు ఇంట్లోనే ఉంది. ఆ పొద్దున పక్కూరికి మిరపకోతకు మనుషులు తక్కువయ్యారు. కూతురు మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుని, “నేను రానే అమ్మా, ఇయ్యాల నలభై మూడు రాయాల. అందరూ అడుగుతుండారు” అందట. ఈమె తిట్టింది. ఏం తిట్టిందో కూడా నాకు చెప్పింది, ఒక్క మాట దాచుకోలేదు. ఫోను లాక్కుని గూట్లో పెట్టి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. పద్నాలుగు మంది ఎక్కారు. చోటు లేకపోతే కూతుర్ని అంచున కూర్చోబెట్టి, తను లోపల కూర్చుంది. మలుపులో టిప్పరు వచ్చింది.

“దాన్ని లోపల కూసోబెట్టాల్సింది. నేను లోపల కూసున్నా” అంది. మళ్ళీ, “ఆ ఒక్క పూట రాసుకోనిస్తే ఏం పోయేది?” అంది.

ఏడవలేదు. ఫోను తీసి మైకు నొక్కి, ఆ వారం భాగం చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళి. కార్లు. కోడికూర. తండ్రి కొత్త పంచె. నేను పక్కన కూర్చుని విన్నాను, ఒక్క తప్పూ పట్టలేదు.

తర్వాతి వారం ఆమె ఒక ప్రశ్న అడిగింది. కూతురు బతికున్నప్పుడు ఆ సీరియల్ ఒక్క ముక్క కూడా ఈమె చదవలేదు. ఏవో కథలని తెలుసు, అంతే. కూతురు పోయాకే చదివింది. ఫోను పైకి చదివి వినిపించే పద్ధతి కూడా ఉంది ఆ యాప్‌లో. చెవిలో పెట్టుకుని పత్తి తీస్తూ, మిరపకాయలు కోస్తూ విన్నది.

“దాంట్లో తల్లి ఉండాది చూశారా, ఊరికే అరిచేది. పిల్ల అన్నం తింటున్నా అరుస్తది, పడుకున్నా అరుస్తది. నేను ఇంటికాడ ఏం మాటలంటానో అయ్యే మాటలు రాసింది. ఆమె నేనేనా అమ్మా?”

“కథలో పాత్రలు...” అని ఏదో మొదలుపెట్టాను. క్లాసులో చెప్పే మాటలు. రచయితలు నలుగురిలోంచి కొంచెం కొంచెం తీసుకుంటారనీ, నిజం వేరు, కల్పన వేరనీ.

“నేనేగా?” అంది మళ్ళీ.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. నలభై మూడు నుంచి ఈమె అందరినీ మార్చేసింది. కుంటికి కాలొచ్చింది, తడబడేవాడికి మాటొచ్చింది, పోయినవాడు తిరిగొచ్చాడు. తల్లిని మాత్రం ముట్టుకోలేదు. ఆమె ఇంకా అలాగే అరుస్తోంది. పెళ్ళి పందిట్లో కూడా అరుస్తోంది. పైగా ఆమెను ఎవరూ కారెక్కించుకోవడం లేదు.

ఐదో ఆదివారం ఆమె ఇంకా పెందరాళే వచ్చింది. చెమట తుడుచుకోకుండానే ఫోను నా చేతిలో పెట్టింది.

“కనపట్టం లేదమ్మా. ఏడ నొక్కినా రావటం లేదు. అది రాసిందేదీ లేదు.”

చూశాను. ఖాతా లేదు. సీరియల్ లేదు. నలభై మూడు నుంచే కాదు, ఒకటి నుంచి మొత్తం పోయింది. కామెంట్లు పోయాయి. అక్కా అని పిలిచినవాళ్ళందరూ పోయారు. మెసేజీలు వెతికితే యాప్ వాళ్ళు మూడు వారాలుగా ఇంగ్లీషులో పంపుతున్నవి కనపడ్డాయి. ఖాతా అసలు రచయిత్రిది కాదని, ఎవరో దొంగిలించి రాస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి, ఫలానా తేదీలోగా గుర్తింపు కార్డుతో మీరే రచయిత అని చూపించకపోతే తీసేస్తామని.

“ఇవి వచ్చినప్పుడు నాకు చూపించలేదేమమ్మా?”

“ఇంగిలీషులో ఉండాయి. బాగుందని రాశారనుకున్నా.”

ఆఖరి మెసేజీలో, ఫిర్యాదుకు సాక్ష్యంగా పాఠకుల కామెంట్లు కొన్ని జతచేశారు. అన్నిటికంటే పైన ఉన్నది నాది. రాసింది ఒకరేనా?

నేను దాచేయొచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. అయినా చెప్పాను. నా మాట వల్లే ఈ అనుమానం మొదలైందని, ఆ మాటే పట్టుకుని ఫిర్యాదు చేశారని చెప్పాను. ఆమె కోప్పడితే బాగుండేది, తిడితే బాగుండేది. తిట్టడం తెలిసిన మనిషే కదా.

“మీరడిగింది నిజమే గదమ్మా” అంది. “ఒకరు కాదు గదా.”

యాప్ వాళ్ళకు రాశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, మరణ ధ్రువీకరణ పత్రం ఫొటో కూడా పెట్టి వేడుకున్నాను. మీ సందేశం అందింది, ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జవాబు. ఆ పిల్ల తిన్నగా యాప్‌లోనే టైపు చేసేది, వేరే చోట ఎక్కడా దాచుకోలేదు. సీరియళ్ళు చదివేవాళ్ళ గుంపుల్లో అడిగాను. ఒకమ్మాయి దగ్గర డ్రైవరు తడబడే ఒక సంభాషణ స్క్రీన్‌షాట్ ఉంది, ఐదు పంక్తులు. అంతే దొరికింది.

“గుర్తున్నంత వరకు రాద్దాం. మీరు అన్నిసార్లు విన్నారు కదా. చెప్పండి, నేను రాస్తాను” అన్నాను. కొత్త లాంగ్ నోట్‌బుక్ కొన్నాను.

రెండు ఆదివారాలు కూర్చున్నాం. కళ్ళు మూసుకుని చెప్పేది. చెప్పింది ఏమిటంటే, ఆ కథలో తల్లి అరిచిన అరుపులన్నీ. ఏ భాగంలో ఏ పూట ఏమని అరిచిందో, కూతురు ఏ మూలకు పోయి కూర్చుందో, అక్షరం తప్పకుండా చెప్పింది. వేరేవి రాలేదు.

“లారీ డ్రైవరు మొదటిసారి మాట్లాడింది చెప్పండి. దూది గురించి ఏదో అంటాడు.”

“ఏందో అంటాడమ్మా. బాగుంటది.”

“మిల్లులో ఆడవాళ్ళు పాటలు పాడుకునే భాగం?”

తల అడ్డంగా ఊపింది. “వచ్చినయ్యమ్మా చెవిలోకి. నిలబళ్ళా. ఇయ్యే నిలబడ్డాయి.”

నావైపు చూసింది, మీరు చెప్పండి అన్నట్టు. నలభై రెండు భాగాలూ నేనూ చదివాను. కథ ఎటునుంచి ఎటు నడిచిందో చెప్పగలను. ఒక్క వాక్యం చెప్పమంటే రాలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని నేను ఏం చదివానో అప్పుడు తెలిసింది.

ఎనిమిదో ఆదివారం పొద్దున, ఆమె రాకముందు, బీరువాలోంచి ఒక పాత డైరీ తీశాను. బళ్ళో పిల్లలకు చెప్పడానికి నేను రాసుకునేది. పేజీని రెండుగా గీసి, ఎడమ వైపు తప్పు, కుడి వైపు ఒప్పు. ఏ సీరియల్లో ఎన్నో భాగమో కూడా పక్కన వేసేదాన్ని. వెతికితే ఆ పిల్లవి ఆరు పేజీలున్నాయి.

ఆమె వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాక, డైరీ చూపించాను. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. “నా దగ్గర ఉన్నవి ఇవేనమ్మా. మీ అమ్మాయి చేసిన తప్పులు.”

“చదవండి” అంది.

చదివాను. మొకం. యెన్నెల. ఇంటికాడ. కల్లం. యేలు పట్టుకుంది. ఒక్కో మాటకీ ఆమె తల ఊపుతోంది. “అట్టాగే అంటదమ్మా. యెన్నెల అనే అంటది. ఎంత చెప్పినా” అంది. తర్వాత వాక్యాలొచ్చాయి. వ్యాకరణం కుదరనివి, పోలిక అతకనివి, నేను పూర్తిగా దించుకుని పక్కన ఎర్ర సిరాతో కారణం రాసినవి. ‘ఆమె నవ్వితే పత్తికాయ పగిలినట్టు చప్పుడు లేదు.’ పక్కన నేను రాసింది, ఉపమానం అసహజం. ‘అతని మాట గొంతులో దారి తప్పిపోయి మళ్ళీ ఎనక్కి పోయింది.’ పునరుక్తి.

ఆమె కొత్త నోట్‌బుక్కు చూపించి, “దాంట్లో ఎక్కించండి. ఎడమపక్కయ్యి. కుడిపక్కయ్యి వద్దు” అంది.

రాయడం మొదలుపెట్టాను. అన్నేళ్ళ ఉద్యోగంలో తప్పని తెలిసి తప్పుగా ఒక్క అక్షరం రాయలేదు. మొదటి పేజీలోనే అలవాటు చొప్పున ‘వెన్నెల’ అని రాసేశాను. ఆమె పక్కన నిలబడి వేలు పెట్టి చూపింది. “దిద్దమాకండమ్మా. అది యెన్నెల అని రాసింది.” కొట్టేసి, యెన్నెల అని రాశాను.

నాలుగో పేజీలో పదిహేడో భాగంలోని వాక్యం ఒకటి ఉంది. పైకి చదువుతూ రాశాను. ‘అమ్మ తిడతా ఉంటే ఇంటినిండా జనం ఉన్నట్టుండాది.’

పక్కన ఎర్ర సిరాతో, ‘ఇంట్లో ఉన్నది ఇద్దరే. అర్థం కుదరలేదు’ అని ఉంది.

“ఇంకోసారి చదవండి.”

చదివాను.

“ఎన్నోది?”

“పదిహేడు.”

“పదిహేడు ఇన్నానే” అంది. “తల్లి చేట ఇసిరికొట్టేది గదా. అది ఇన్నా. ఇది ఇన్లేదే.” కుర్చీలో కూర్చుంది, ఈసారి అంచున కాదు, లోపలికి జరిగి. “దాంట్లో తప్పేముందమ్మా?”

“ఏమీ లేదు” అన్నాను.

“ఉండాది అనే రాశారా? ఉంది అని రాశారా?”

“ఉండాది అనే రాశాను.”

నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని, నూనె చెయ్యి తగలకుండా కొంగు అంచుతో ఆ పంక్తిని మెల్లగా నిమిరింది. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. ఇన్నాళ్ళకు ఆమెకు పనికొచ్చేది ఒకటి నా చేతిలోంచి వెళ్ళిందనుకున్నాను. లేచి కాఫీ పెట్టబోయాను.

“అమ్మా.”

వెనక్కి తిరిగాను.

“మరి ఆ పొద్దున నేను తిట్టింది కూడా, అది అట్టాగే, ఇంటినిండా జనం ఉన్నట్టే అనుకొనుంటదా?”

ఆమె ఊరికి పోయే నాలుగు గంటల బస్సు మా వీధి మొదట్లోనే ఆగుతుంది. అది వచ్చి హారన్ కొట్టింది. కాసేపు చూసి ఇంకోసారి కొట్టింది. ఆమె లేవలేదు. అవునని చెప్తే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్లని నేను ఒక్కసారైనా చూడలేదు, ఆ పిల్ల రాసిన నలభై రెండు భాగాల్లో తప్పులు తప్ప ఏదీ చదవలేదు. నేను అవునంటే ఆమె నమ్మేది, తప్పులు చెప్పే టీచరమ్మను కదా. బస్సు వెళ్ళిపోయింది. ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.